దెబ్బను అంకెగా మార్చే పెట్టె



ఈ మధ్య పెళ్ళి ఊరేగింపుల్లోనూ, జాతరల్లోనూ, కాలేజీ ఫంక్షన్లలోనూ ఒక మార్పును అందరం గమనిస్తున్నాం. ఒకప్పుడు ఐదారుగురు డప్పు కళాకారులు నిలబడే చోట ఇప్పుడు ఒక్క మనిషి ఎలక్ట్రానిక్ ప్యాడ్ ముందు నిలబడి రెండు పుల్లలతో వాయిస్తున్నాడు. డప్పు మోత, డోలు మోత, తబలా, చప్పట్లు అన్నీ ఆ ఒక్క పెట్టెలోంచే వస్తున్నాయి. మంట వేసి కాచే పని లేదు. మంచుకు చర్మం మెత్తబడుతుందన్న దిగులు లేదు. "ఆ రబ్బరు బిళ్ళలో డప్పు ఎక్కడుందిరా?" అని మా ఊరి పెద్దలు అడుగుతుంటారు.

మంచి ప్రశ్నే. మేము ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసై, ఇప్పుడు ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. చదువులో నేర్చుకున్నది ఏదైనా ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగలిగితేనే అది మాకు వచ్చినట్టు లెక్క అని మేము అనుకుంటాం. ఆ పద్ధతిలోనే సెన్సర్ల గురించి, వాటి కొలతలను అంకెలుగా మార్చే కంట్రోలర్ల గురించి, వాటితో కొందరు తయారుచేసిన కొత్త రకం వాయిద్యాల గురించి ఈ వ్యాసంలో వివరిస్తాం. ఎనిమిదో తరగతి ఫిజిక్స్ వచ్చినవారికి ఇది అర్థమవుతుంది.

వాయిద్యాన్ని మూడు ముక్కలు చేస్తే

డప్పును చూడండి. దెబ్బ తగిలేది చర్మానికి, మోగేది కూడా ఆ చర్మమే. వీణలో మీటేది తీగనే, మోగేదీ ఆ తీగే. మామూలు వాయిద్యాలలో మన చేతి పని, దాని శబ్దం ఒకే వస్తువులో కలిసి ఉంటాయి. వాటిని విడదీయలేం.

ఎలక్ట్రానిక్ వాయిద్యంలో ఈ రెండూ విడిపోతాయి. అందులో మూడు భాగాలుంటాయి. మొదటిది సెన్సర్. ఇది దెబ్బనో, ఒత్తిడినో, వెలుతురునో, దూరాన్నో గమనించి దానికి తగ్గ విద్యుత్ వోల్టేజీని ఇస్తుంది. రెండోది కంట్రోలర్. ఇది ఆ వోల్టేజీని అంకెగా మార్చి, ఆ అంకెను ఒక సందేశంగా పంపిస్తుంది. మూడోది శబ్దాన్ని పుట్టించే భాగం. అది సింథసైజర్ కావచ్చు, కంప్యూటర్ కావచ్చు. అందిన సందేశాన్ని బట్టి అది శబ్దం చేస్తుంది.

ఒక పోలిక చెబుతాం. మార్కెట్ యార్డుకు ధాన్యం తీసుకెళితే కాటా తూస్తుంది. గుమస్తా ఆ అంకెను చిట్టీ మీద రాస్తాడు. లోపల కూర్చున్న సేటు ఆ చిట్టీ చూసి డబ్బు లెక్క కడతాడు. ఇక్కడ కాటా సెన్సర్, గుమస్తా కంట్రోలర్, సేటు సింథసైజర్. సేటుకు తెలిసింది చిట్టీలోని అంకె ఒక్కటే. ఆ ధాన్యం ఎంత బాగా ఎండిందో, గింజ ఎంత గట్టిదో చిట్టీలో ఒక గడి కేటాయించి రాస్తే తప్ప ఆయనకు తెలియదు. ఈ పోలికను గుర్తుపెట్టుకోండి. మనం చెప్పుకోబోయే అసలు విషయం ఇందులోనే ఉంది.

సెన్సర్లలో రకాలు

సంగీతానికి ఎక్కువగా వాడే సెన్సర్లు కొన్ని చూద్దాం.

పీజో బిళ్ళ: కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఈ పియరీ క్యూరీయే తర్వాత మేడమ్ క్యూరీ భర్త అయ్యారు. నేడు ఆ ధర్మం గల పింగాణీ పదార్థాన్ని పలుచని ఇత్తడి బిళ్ళ మీద అంటించి అమ్ముతున్నారు. పాటలు పాడే గ్రీటింగ్ కార్డుల్లో, బజర్లలో ఉండేది ఇదే. దీని మీద దెబ్బ పడితే ఒక్క క్షణం వోల్టేజీ పుడుతుంది. చాలా ఎలక్ట్రానిక్ ప్యాడ్లలో రబ్బరు కింద ఉండేది ఈ బిళ్ళే.

ఎల్.డి.ఆర్.: వెలుతురు పడితే దీని నిరోధం తగ్గుతుంది, చీకటైతే పెరుగుతుంది. దీని పైన చెయ్యి ఆడిస్తే నీడను బట్టి వోల్టేజీ మారుతుంది.

ఒత్తిడి రెసిస్టర్: నొక్కేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. వేలు ఎంత గట్టిగా నొక్కిందో చెబుతుంది.

ఆక్సిలరోమీటర్: వంపును, కుదుపును కొలుస్తుంది. సెల్‌ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరగడానికి కారణం ఇదే.

అల్ట్రాసోనిక్ సెన్సర్: మన చెవికి వినపడని ధ్వనిని పంపి, అది తగిలి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని బట్టి దూరం కొలుస్తుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. చెయ్యి 34 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ధ్వని పోయి రావడానికి దాదాపు 2 మిల్లీసెకన్లు పడుతుంది.

హాల్ సెన్సర్: అయస్కాంతం దగ్గరికి వస్తే దీని వోల్టేజీ మారుతుంది.

ఇవన్నీ గమనించే పని మాత్రమే చేస్తాయి. వీటిలో ఏ ఒక్కదానికీ సంగీతం గురించి ఏమీ తెలియదు.

వోల్టేజీ అంకెగా ఎలా మారుతుంది?

దీన్ని ఒక లెక్కతో చూద్దాం. 5 వోల్టుల సరఫరాకు ఎల్.డి.ఆర్.ను, దాని వెనుక 10 కిలోఓమ్ల మామూలు రెసిస్టర్‌ను వరుసగా కలిపి, రెసిస్టర్ రెండో కొసను భూమికి కలిపామనుకోండి. రెండూ కలిసే చోట వోల్టేజీ తీసుకుంటాం. గది వెలుతురులో ఎల్.డి.ఆర్. నిరోధం కూడా 10 కిలోఓమ్లే ఉంటే 5 వోల్టులు సగం సగం పంచుకుంటాయి. మనకు 2.5 వోల్టులు వస్తాయి. ఇప్పుడు చేతితో నీడ పెడితే నిరోధం 90 కిలోఓమ్లకు పెరిగిందనుకుందాం. మొత్తం 100 కిలోఓమ్లలో మన రెసిస్టర్ వాటా పదో వంతు. కనుక 0.5 వోల్టు వస్తుంది.

ఈ వోల్టేజీని కంట్రోలర్ చదవాలి. ఆర్డ్వినో ఊనో అనే బోర్డు 0 నుంచి 5 వోల్టుల వరకు ఉన్న దూరాన్ని 1024 మెట్లుగా విభజిస్తుంది. అంటే ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. 2.5 వోల్టులకు అది 512 అని, 0.5 వోల్టుకు 102 అని చెబుతుంది. ఇలా ఒకసారి చదవడానికి దానికి పట్టే సమయం సుమారు 100 మైక్రోసెకన్లు. చెయ్యి ఒకసారి ఊపేలోగా వేల సార్లు చదవగలదన్నమాట. ఇలాంటి సెన్సర్లను ఆరింటిని ఒకే బోర్డుకు కలపవచ్చు.

ఇప్పుడు చేతి నీడ ఒక అంకె అయ్యింది. ఆ అంకెను శబ్దం చేసే యంత్రానికి చేరవేయడానికి ఒక భాష కావాలి.

మిడి అనే భాష

1980ల మొదట్లో ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ సింథసైజర్‌కు అర్థమయ్యేది కాదు. అందుకని తయారీదారులు కలిసి 1983లో మిడి అనే ఉమ్మడి భాషను తీసుకొచ్చారు. ఇందులో ఒక స్వరం మొదలుపెట్టమని చెప్పడానికి మూడు అంకెలు చాలు. ఉదాహరణకు 144, 60, 100 అని పంపితే 'ఒకటో చానెల్ మీద, కీబోర్డు మధ్యలో ఉండే సి మెట్టును, 100 బలంతో మోగించు' అని అర్థం. ఈ మూడు అంకెలు చేరడానికి ఒక మిల్లీసెకను కంటే తక్కువే పడుతుంది.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. మిడిలో స్వరానికి, బలానికి 0 నుంచి 127 వరకే విలువలు ఉంటాయి. మన బోర్డు 1024 మెట్లు చదివితే మిడి 128 మాత్రమే తీసుకుంటుంది. ఎనిమిదితో భాగించి పంపాలి. 512 కాస్తా 64 అవుతుంది, 102 కాస్తా 12 అవుతుంది. ఎనిమిది వేర్వేరు కొలతలు ఒకే అంకెలో కలిసిపోతాయి. చిట్టీలో గడి చిన్నదైపోయిందన్నమాట. 2020లో వచ్చిన మిడి రెండో రూపంలో ఈ గడులను చాలా పెద్దవి చేశారు. కానీ పాత మిడితో పనిచేసే పరికరాలే ఇప్పటికీ ఎక్కువ మంది చేతుల్లో ఉన్నాయి.

ఇంకో విషయం కూడా మన విద్యార్థులు తెలుసుకోవాలి. ఏ అంకెకు ఏ తాళవాద్యం మోగాలో 1991లో ఒక ఉమ్మడి జాబితా తయారైంది. 35 నుంచి 81 వరకు మొత్తం 47 శబ్దాలు. అందులో క్యూబా దేశపు కాంగా, బాంగో ఉన్నాయి. బ్రెజిల్ వాళ్ళ కుయికా ఉంది. చివరికి విజిల్‌కు కూడా ఒక అంకె ఇచ్చారు. మన డప్పుకు లేదు, తబలాకు లేదు, మృదంగానికి లేదు. భారతదేశంలో అమ్మడానికి తయారైన కొన్ని కీబోర్డుల్లో తబలా వంటివి తర్వాత విడిగా చేర్చారు. ప్రపంచమంతా వాడే జాబితాలో మాత్రం మన తాళవాద్యాలకు చోటు దొరకలేదు. జాబితా రాసేవాళ్ళకు తెలిసిన వాద్యాలే జాబితాలోకి ఎక్కుతాయి. ఓటరు లిస్టుకైనా, రేషన్ కార్డుకైనా, వాద్యాలకైనా ఇది ఒకటే.

అయితే కంట్రోలర్ మన చేతిలో ఉంటే ఆ జాబితా మనల్ని ఆపలేదు. 40 అనే అంకె వస్తే ఏ శబ్దం మోగాలో కంప్యూటర్లో మనమే నిర్ణయించుకోవచ్చు. ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకు పనికొస్తుంది. మిల్లర్ పకెట్ అనే ఆయన దీన్ని 1990లలో తయారుచేశారు. పాత కంప్యూటర్లలో కూడా ఇది నడుస్తుంది.

ముందు నడిచినవాళ్ళు

చేతి కదలికను శబ్దం నుంచి విడదీసిన తొలి ప్రయత్నాల్లో పేరుపొందినది థెరెమిన్. రష్యాకు చెందిన లియోన్ థెరెమిన్ 1920 ప్రాంతంలో దీన్ని కనుగొన్నారు. దానికి రెండు యాంటెన్నాలు ఉంటాయి. ఒకదానికి చెయ్యి దగ్గరైతే శ్రుతి పెరుగుతుంది. రెండోదానికి చెయ్యి దగ్గరైతే శబ్దం తగ్గుతుంది. వాయించేవారు దేన్నీ తాకరు. ఇందులో అంకెలు లేవు, కంట్రోలర్ లేదు. అయినా గాలిలో చెయ్యి ఆడిస్తే పాట పుడుతుందని లోకానికి చూపించింది ఇదే.

నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్‌లో 1969లో స్టైమ్ అనే సంగీత ప్రయోగశాల మొదలైంది. దానిని చాలా ఏళ్ళు నడిపిన మిషెల్ వైస్విస్ (1949–2008) ఈ రంగంలో మనం తప్పక తెలుసుకోవలసిన మనిషి. మిడి వచ్చిన మరుసటి ఏడాదే, 1984లో, ఆయన 'ది హ్యాండ్స్' అనే వాయిద్యాన్ని వేదిక మీదికి తెచ్చారు. అది రెండు చేతులకు తొడుక్కునే చట్రాల జత. వాటి మీద వేళ్ళకు మీటలు, చెయ్యి ఎటు వంగిందో తెలుసుకునే పాదరసం స్విచ్‌లు, రెండు చేతుల మధ్య దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉండేవి. ఆ రోజుల్లో సింథసైజర్ అంటే కీబోర్డు ముందు కూర్చుని వాయించేదే. ఈయన నిలబడి, చేతులు చాచి, దగ్గరకు తెచ్చి, ఒంటి బలమంతా పెట్టి వాయించారు. తర్వాత స్టైమ్ వాళ్ళు సెన్సర్‌ల్యాబ్ అనే చిన్న పెట్టెను తయారుచేశారు. ఏ సెన్సర్ కలిపినా దాని వోల్టేజీని మిడి సందేశంగా మార్చడం దాని పని. మన వ్యాసం పేరులో ఉన్న పెట్టె ఇలాంటిదే.

అమెరికాలో ఉంటున్న లెటీషియా సొనామి అనే కళాకారిణి కథ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆమె 1991లో వంటింట్లో గిన్నెలు తోమేటప్పుడు తొడుక్కునే రబ్బరు గ్లవ్స్ తీసుకున్నారు. వేళ్ళ చివర్లకు ఐదు హాల్ సెన్సర్లు అంటించారు, ఇంకో చేతికి అయస్కాంతం పెట్టారు. వేళ్ళు అయస్కాంతానికి దగ్గరైతే ఒక శబ్దం, దూరమైతే ఒక శబ్దం. ఆ రోజుల్లో కంప్యూటర్ ప్రయోగాలకు మగవాళ్ళు తొడుక్కునే బరువైన పరికరాలను చూసి, కొంత ఎగతాళిగా చేసిన పని అది. తర్వాత అదే 'లేడీస్ గ్లవ్' అనే పేరుతో ప్రసిద్ధమైంది. తర్వాతి గ్లవ్‌లు స్టైమ్ వాళ్ళ సెన్సర్‌ల్యాబ్ పెట్టె ద్వారానే కంప్యూటర్‌తో మాట్లాడాయి.

అప్పట్లో ఇలాంటి పెట్టెలు మనలాంటివాళ్ళకు అందేవి కావు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఒక డిజైన్ విద్యాసంస్థలో మాసిమో బాంజీ, ఆయన సహచరులు కలిసి ఆర్డ్వినో బోర్డును తయారుచేశారు. ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థులకు కూడా తక్కువ ధరలో పని జరగాలన్నది వారి ఉద్దేశం. దాని సర్క్యూట్ పటాన్ని దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. అందుకే నేడు అలాంటి బోర్డు కొన్ని వందల రూపాయలకే మన దగ్గర దొరుకుతోంది. ఒకప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి నేర్చుకోవలసిన పని ఇప్పుడు జిల్లా కేంద్రంలోని ఎలక్ట్రానిక్స్ దుకాణం దాకా వచ్చింది.

ఏది దేనికి కలపాలి?

పరికరాలు చేతికొచ్చాక అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఏ కదలికకు ఏ శబ్దాన్ని ముడిపెట్టాలి? దీని మీద ఇంగ్లాండులోని యార్క్ విశ్వవిద్యాలయంలో ఆండీ హంట్ చేసిన ఒక పరిశీలన ఆసక్తిగా ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు జరిపే మీటలు పెట్టారు. ఒక పద్ధతిలో మీటను ఎక్కడ ఉంచితే అంత శబ్దం వస్తుంది. వదిలేసినా మోగుతూనే ఉంటుంది. రెండో పద్ధతిలో వయొలిన్ కమాను లాగినట్టు మీటను అటూ ఇటూ జరుపుతూ ఉంటేనే శబ్దం వస్తుంది. ఆపితే ఆగిపోతుంది. సులువైన మొదటి పద్ధతి జనానికి ఆటబొమ్మలా అనిపించి త్వరగా విసుగొచ్చింది. కష్టమైన రెండోదే వాళ్ళకు వాయిద్యంలా అనిపించింది.

సెన్సర్లు రెండింటిలోనూ అవే, శబ్దమూ అదే. ముడి ఒక్కటే మారింది. మనిషి శ్రమ పడితేనే మోగేలా పెట్టిన ముడి వాయిద్యాన్ని ఇచ్చింది.

మన దేశపు వాద్యంతో జరిగిన ఉదాహరణ కూడా ఉంది. అజయ్ కపూర్, ఆయన సహచరులు 2004లో ఎలక్ట్రానిక్ సితార్ కంట్రోలర్‌ను తయారుచేశారు. మెట్ల మధ్య రెసిస్టర్లను వరుసగా కలిపి, వేలు తీగను ఏ మెట్టు మీద నొక్కిందో కంప్యూటర్‌కు తెలిసేలా చేశారు. కానీ సితార్ వాయించేవారు ఒకే మెట్టు మీద వేలు ఉంచి, తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు. మెట్టు సెన్సర్‌కు ఈ లాగడం తెలియదు. అందుకని వాళ్ళు మెట్టు అంకెతో పాటు తీగ శబ్దాన్ని కూడా విని, మెట్టు చెప్పిన శ్రుతి కంటే ఎంత పైకి పోయిందో లెక్కగట్టారు. సితార్ తెలిసినవాళ్ళు కాబట్టి ఏది తప్పిపోతోందో వాళ్ళకు తెలిసింది. తెలియనివాళ్ళయితే మెట్ల అంకెలు చూసి పని పూర్తయిందని అనుకునేవారు.

ఆలస్యం లెక్క

దెబ్బకు, మోతకు మధ్య ఆలస్యం ఎక్కువైతే వాయించేవారి చెయ్యి తడబడుతుంది. ఈ ఆలస్యం 10 మిల్లీసెకన్లు దాటకూడదని డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ 2002లో సూచించారు. ధ్వని 10 మిల్లీసెకన్లలో సుమారు మూడున్నర మీటర్లు పోతుంది. అంటే మీ డప్పు మోత మూడున్నర మీటర్ల అవతల నుంచి వినపడినట్టు.

లెక్క కడదాం. దెబ్బ బలం తెలుసుకోవడానికి 2 మిల్లీసెకన్లు, మిడి సందేశానికి 1 మిల్లీసెకను. కంప్యూటర్ శబ్దాన్ని 256 నమూనాల కట్టలుగా పంపితే, సెకనుకు 44,100 నమూనాల చొప్పున ఒక కట్టకు 5.8 మిల్లీసెకన్లు. మొత్తం 8.8. హద్దులో ఉన్నాం. అదే కట్టను 1024 నమూనాలకు పెంచితే ఆ ఒక్కదానికే 23 మిల్లీసెకన్లు దాటుతుంది. పాత కంప్యూటర్‌తో పనిచేసేవారు ముందు చూసుకోవలసిన సెట్టింగు ఇది.

డప్పుకు సెన్సర్ పెట్టి చూస్తే

ఇప్పుడు మన డప్పు దగ్గరికి వద్దాం. కొన్ని ప్రాంతాల్లో దీన్నే పలక అని, తప్పెట అని అంటారు. కుడి చేతిలో లావుపాటి చిర్ర, ఎడమ చేతిలో సన్నని సిటికెన పుల్ల. మా ఇంటి నుంచి డప్పు తీసుకెళ్ళి మా కాలేజీ ల్యాబ్‌లో పీజో బిళ్ళతో మేము చేసి చూసిన పని క్లుప్తంగా చెబుతాం.

బిళ్ళను చర్మం మీద అంటిస్తే దెబ్బ బాగా తెలుస్తుంది. కానీ ఆ కాస్త బరువుకే చర్మం మోత మారుతుంది. పైగా డప్పును మంట దగ్గర కాచాలి కదా, అంటించిన జిగురు నిలవదు. అందుకని బిళ్ళను చెక్క గుండుకు లోపలివైపు, తీసి పెట్టుకునేలా బిగించాలి. గట్టి దెబ్బకు పీజో బిళ్ళ 5 వోల్టుల కంటే చాలా ఎక్కువ ఇవ్వగలదు. బోర్డు పాడవకుండా బిళ్ళకు అడ్డంగా ఒక మెగాఓమ్ రెసిస్టర్‌ను, 5.1 వోల్టుల జీనర్ డయోడ్‌ను పెట్టాలి.

తర్వాత కంట్రోలర్‌కు మూడు విషయాలు చెప్పాలి. మొదటిది, ఎంత అంకె దాటితే దెబ్బగా లెక్కపెట్టాలి? మేము 60 పెట్టాం. అంతకంటే తక్కువ పెడితే నడిచినా దెబ్బ అనుకుంటుంది. రెండోది, ఎంతసేపు చూసి బలాన్ని తేల్చాలి? 2 మిల్లీసెకన్లు చూసి, అందులో పెద్ద అంకెను తీసుకోవాలి. మూడోది, ఒక దెబ్బ తర్వాత ఎంతసేపు కళ్ళు మూసుకోవాలి? చర్మం ఒక్క దెబ్బకే కాసేపు అదురుతూ ఉంటుంది. కంట్రోలర్ ఆ అదురును కూడా దెబ్బలుగా లెక్కపెట్టి, ఒకటికి ఐదు పంపుతుంది. అందుకని 30 మిల్లీసెకన్లు కళ్ళు మూసుకొమ్మని చెప్పడం అందరూ చేసే పద్ధతి. లెక్క ప్రకారం సెకనుకు 33 దెబ్బలు పడతాయి. ఎవరి చేతికైనా ఇది సరిపోవాలి.

కానీ డప్పు వాయించే మా పెద్దనాన్నను పక్కన కూర్చోబెట్టుకుంటే సంగతి వేరుగా తేలింది. "చిర్ర దెబ్బ వెనకాలే పుల్ల ముట్టిస్తాం కదరా, అది ఏది?" అన్నాడు. పెద్ద దెబ్బ తోకలోనే సన్నగా తగిలే ఆ పుల్ల దెబ్బ సరిగ్గా ఆ 30 మిల్లీసెకన్ల లోపలే పడుతోంది. పుస్తకంలోని పద్ధతి దాన్ని అదురు కింద జమకట్టి పారేస్తోంది. దరువుకు ప్రాణం ఆ పుల్లలోనే ఉందని వాయించేవాళ్ళందరికీ తెలుసు.

దీనికి మార్గం ఉంది. పూర్తిగా కళ్ళు మూసుకోవడానికి బదులు, పెద్ద దెబ్బ పడగానే హద్దును 60 నుంచి బాగా పైకి లేపి, అదురు తగ్గే వేగంతోనే దాన్ని మెల్లగా కిందికి దించాలి. అదురు ఎప్పుడూ ఆ హద్దు కింద ఉండిపోతుంది. కొత్తగా తగిలిన పుల్ల మాత్రం హద్దు దాటి పైకి కనిపిస్తుంది. చర్మానికి దగ్గరగా రెండో బిళ్ళ కూడా పెట్టి, రెండు అంకెల నిష్పత్తి చూస్తే దెబ్బ మధ్యలో పడిందా, అంచున పడిందా అనేది కూడా చాలావరకు తెలుస్తుంది. ఇవన్నీ పది పదిహేను లైన్ల ప్రోగ్రాముతో అయ్యే పనులే. కానీ ఆ లైన్లు ఎందుకు రాయాలో పెద్దనాన్న చెప్పాడు. ఆయన ఏడో తరగతి కూడా చదవలేదు.

రబ్బరు బిళ్ళలో డప్పు ఎక్కడుంది అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. ప్యాడ్ లోపల ఉన్నది ఎవరో ఎక్కడో కొట్టిన డప్పు దెబ్బల రికార్డింగు. మనం కొట్టిన దెబ్బలోంచి అది తీసుకునేది ముఖ్యంగా రెండు అంకెలు: ఎప్పుడు కొట్టాం, ఎంత గట్టిగా కొట్టాం. చిర్ర, పుల్ల తేడా, మధ్య, అంచు తేడా, కాచిన వేడి, చేత్తో మోతను నొక్కి ఆపడం ఆ చిట్టీలో లేవు. గడులు పెట్టినవారికి అవి అవసరమని ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు కంట్రోలర్ తయారయ్యే చోట లేరు. ఈ లోటును సరిచేయడానికి డప్పు ఇంట్లో ఉండి, ప్రోగ్రాము రాయడం కూడా వచ్చినవాళ్ళు కావాలి. మన హాస్టళ్ళలో అలాంటి పిల్లలు ఎందరో ఉన్నారని మాకు తెలుసు.

మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్ళకు

ఎల్.డి.ఆర్., 10 కిలోఓమ్ల రెసిస్టర్, ఒక ఆర్డ్వినో బోర్డు, ఒక చిన్న స్పీకర్‌తో మొదలుపెట్టండి. నీడను బట్టి శ్రుతి మారే వాయిద్యం ఒక ఆదివారంలో తయారవుతుంది. సైన్స్ ఫెయిర్‌కు బాగా పనికొస్తుంది. ఆ తర్వాత పీజో బిళ్ళ జోలికి వెళ్ళండి. కంప్యూటర్‌కు నేరుగా మిడి పరికరంలా కనిపించాలంటే ఊనో కంటే లియొనార్డో రకం బోర్డు అనుకూలం. బోర్డుకు కరెంటు యూ.ఎస్.బి. నుంచి గానీ బ్యాటరీ నుంచి గానీ ఇవ్వండి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు.

బోర్డు కొనే ముందు ఇంకో పని చేయండి. మీ ఊళ్ళో డప్పు గానీ, డోలు గానీ, కిన్నెర గానీ, ఏ వాద్యమైనా సరే బాగా వాయించే పెద్దమనిషి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. ఆయన చెయ్యి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో, ఏ దెబ్బకు మొహం మారుతుందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. అవే మీరు కొలవవలసినవి. ఆ లిస్టు ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ దొరకదు.

ఈ వ్యాసం చదివి ఏ ఒక్క తమ్ముడైనా సందేహాలతో మమ్మల్ని వెతుక్కుంటూ వస్తే మా శ్రమ ఫలించినట్టే. సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు బోర్డు, బిళ్ళలు వెంట తెస్తాం.